రెండు వందల గ్రాముల ముద్ద

నారింజ పండు తినేసి, తొక్కను కూడా మడిచి నోట్లో పెట్టుకుంటున్న ఒక మనిషిని చూశాను. నాకు మొట్టమొదట భయం వేసింది అప్పుడే.

గల్ఫ్‌లో, అల్ ఖోర్ దగ్గర వర్కర్ల క్యాంపు. మెస్సు హాల్లో సాయంత్రం ఏడు దాటింది. ప్రతి మంగళవారం నేను చేసే పని ఒకటుంది. ఒక్కో కౌంటరు వాళ్ళు వదిలేసిన ఎంగిలి బకెట్టును తూకం మీద పెట్టి, ఎంత పారేశారో రాసుకోవాలి. ఇండియా కౌంటరు బకెట్టు నిండా అన్నం, పప్పు. ఫిలిప్పీన్స్ వాళ్ళది సగం. ఘనా వాళ్ళ బకెట్టు ఎత్తితే ఖాళీ ప్లాస్టిక్కు బరువే చేతికి తగిలింది. వంగి చూశాను. చేప ముళ్ళు లేవు. ముళ్ళు నమలడం వాళ్ళకు ఇష్టమని విన్నాను, సరే. కానీ ఆ రోజు మనిషికో నారింజ పండు ఇచ్చాం. నలభై పళ్ళ తొక్కలు ఎక్కడికి పోయాయి?

తల ఎత్తేసరికి ఎదురుగా బల్ల దగ్గర ఆయన కనిపించాడు. నలభై ఏళ్ళుంటాయి. వెడల్పాటి భుజాలు, వాటి మీద వేలాడుతున్న చొక్కా. నేను చూస్తున్నానని తెలిసి, మిగిలిన తొక్కను అరచేతి కింద దాచి నవ్వాడు.

"భోజనం చాలా బాగుంది, సిస్టర్" అన్నాడు ఇంగ్లీషులో.

ఆ మాట నమ్మాలనిపించింది. మర్నాడు మధ్యాహ్నం దాకా నమ్మాను కూడా.

న్యూట్రిషన్ చదువుతున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగం మానేసి ఏడాదిన్నర దాటింది. పిల్లలు పడుకున్నాక తప్ప పెన్ను పట్టే వీల్లేదు. మూడోది చంటిది. ఒక పేరా రాయడం, లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడటం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. మా ఆయన నవ్వుతాడు. నాకు మొదటి నుంచీ కంగారెక్కువ. కంగారున్న వాళ్ళు తప్పులు చేయరని అనుకునేదాన్ని. చేస్తారు. కాకపోతే కాస్త ముందుగా నిద్ర పోగొట్టుకుంటారు.

రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంట్లు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. పొద్దున్న లేచి చూస్తే నిన్న లేని క్రేను కనిపించేది. మా ఆయన సర్వేయరు. మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లాను నాలుగు ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో మేం ఉండేవాళ్ళం. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడికి నాలుగు. క్యాంపులకు భోజనం పెట్టే ఒక క్యాటరింగ్ కంపెనీలో నాకు డైటీషియన్ ఉద్యోగం దొరికింది. పేరు గొప్పగా ఉంటుంది. పనేమిటంటే, ఏ దేశం వాళ్ళకు ఏ రోజు ఏం వండాలి, మనిషికి ఎంత వడ్డించాలి, అందులో ఎన్ని కేలరీలు అని ఒక షీటు తయారుచేయడం. ఎండలో ఇనుము మోసే మనిషికి రోజుకు ఇన్ని కేలరీలు అని కాంట్రాక్టులో రాసి ఉంటుంది. నా షీటు ఆ అంకెను చూపించాలి. చూపించేది.

ఘనా నుంచి వచ్చిన నలభై మంది స్కాఫోల్డింగ్ పని చేసేవాళ్ళు. అంటే ఎత్తున ఇనప గొట్టాలతో మంచెలు కట్టేవాళ్ళు. మొదట్లో వాళ్ళు ఇండియా కౌంటర్లోనే తినేవాళ్ళు. అన్నం, పప్పు ఎంత అడిగితే అంత. కానీ వాళ్ళ నాలుకకు అది తిండి కాదు. వాళ్ళ ఫోర్‌మన్, గుండుతో ఉండే పెద్దమనిషి, మూడు నెలల పాటు ప్రతి వారం మా ఆఫీసుకు వచ్చి అడిగాడు. "సిస్టర్, మా ముద్ద మాకు పెట్టించు." చివరికి మా మేనేజరు ఒప్పుకున్నాడు. గరి తెప్పించాం.

గరి అంటే కర్రపెండలం దుంపను తురిమి, పులియబెట్టి, నీరంతా పిండేసి, పెనం మీద వేయించిన రవ్వ. మరిగే నీళ్ళలో పోసి కెలికితే గట్టి ముద్ద అవుతుంది. దాన్ని వేళ్ళతో తుంచి, వేరుశెనగ పులుసులోనో బెండకాయ పులుసులోనో ముంచి మింగుతారు. పశ్చిమాఫ్రికాలో కోట్ల మందికి అదే అన్నం. నాకది కొత్తగా అనిపించలేదు. మాది సామర్లకోట దగ్గర. చుట్టూ సగ్గుబియ్యం మిల్లులు. సగ్గుబియ్యం కూడా కర్రపెండలం పిండే కదా! లారీల నిండా దుంపలు చూస్తూ పెరిగినదాన్ని, దీని సంగతి నాకెవరు చెప్పాలి అనుకున్నాను. ఆ ధీమా ఒకటి.

ఆహార విలువల పుస్తకంలో గరి ఎదురుగా ఉన్న అంకె చూశాను. వంద గ్రాములకు దగ్గర దగ్గర మూడు వందల యాభై కేలరీలు. రెండు వందల గ్రాములు పెడితే ఏడు వందలు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. పక్కన పులుసు, చేప, పండు. షీటు కింద కూడిక చక్కగా వచ్చింది. దిగుమతి సరుకు వృథా కాకూడదని చివర ఒక వాక్యం కూడా చేర్చాను: మనిషికి ఒకటే ముద్ద, రెండోసారి లేదు. ఈ కౌంటరు కార్డు ఉన్నవాళ్ళు వేరే కౌంటర్లో తీసుకోకూడదని రూలు ఎలాగూ ఉంది.

నారింజ తొక్క చూసిన మర్నాడు, అంటే బుధవారం మధ్యాహ్నం, మేనేజరు ఫోన్ చేశాడు. ఆయనది హైదరాబాదు పాతబస్తీ. తెలుగు, ఉర్దూ ఒకే పాత్రలో వండినట్టు మాట్లాడేవాడు.

"అరే అమ్మా, ఘనా వాడు ఒకడు పైనుంచి పడిండు. పడిండంటే, బెల్టు ఉంది కాబట్టి వేలాడిండు. అల్లా బచాయా. చక్కర్ వచ్చిందట."

"ఎవరండీ?"

ఆయన వర్ణించాడు. వెడల్పాటి భుజాలు. తొక్కను అరచేతి కింద దాచినాయనే.

"క్లినిక్‌లో చూసిండ్రు. షుగర్ తక్కువ, బరువు నాలుగు కిలోలు తగ్గిండు. డాక్టరు అడుగుతున్నడు, తిండి సరిగ్గా పెడుతున్నరా అని. నీ షీటు ఉంది కదా, సైన్ కొట్టి రేపు తీసుకురా. ఇంత తిండి పెట్టినా బరువు తగ్గిండంటే లోపల ఏదో బీమారీ ఉన్నట్టే. అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపేస్తరు. మన కిచెన్‌కు ఏ లఫ్డా లేదు. ఖలాస్."

"ఇంటికి పంపేస్తారా?"

"ఎత్తు మీద పని అమ్మా. రిస్క్ ఎవడు తీసుకుంటడు?"

నా షీటు మీద నా సంతకం పడితే, ఆ మనిషి విమానం ఎక్కుతాడు. అప్పటికి నాకు తెలిసింది అంతే. షీటు తప్పు అని ఇంకా తెలియదు. తొక్క మాత్రం కళ్ళముందు కదులుతోంది.

షీటు మీద వంటాయన సంతకం కూడా కావాలి. సాయంత్రం క్యాంపు వంటగదికి వెళ్ళాను. మా పెద్ద వంటాయనది జగిత్యాల దగ్గరి పల్లె. యాభై దాటాయి. ఇరవై ఏళ్ళ నుంచి గల్ఫ్‌లో గరిటె తిప్పుతున్నాడు. ఆయన ఇంటివాళ్ళు ఇప్పటికీ "దుబాయిలనే ఉన్నడు" అంటారట. నలుగురిలో నన్ను మేడం అనేవాడు, ఎవరూ లేకపోతే చెల్లె అనేవాడు.

నేను వెళ్ళేసరికి ఆయన ఘనా వాళ్ళ ముద్ద కోసం నీళ్ళు మరిగిస్తున్నాడు. "చూడు చెల్లె, మన మక్క గట్క లెక్కనే ఉంటది" అని, వాళ్ళ ఊళ్ళో మొక్కజొన్న రవ్వతో కెలికే ముద్దను తలచుకుని మొదటి రోజు నుంచీ మురిసిపోయేవాడు. ఒక చిన్న గిన్నెడు రవ్వ పక్కన ఉంది. నేను దాని వైపు చూశాను.

"అన్నా, ఇది ఎంతమందికి?"

"నలభై మందికి."

"నలభై మందికి ఇంతేనా? తూచావా?"

"తూచుడెందుకు? రోజూ ఏసేదే. రెండున్నర కిలోలు ఉంటది. ఉడికితే ఎనిమిది కిలోలైతది. తలా రెండు వందల గ్రాముల ముద్ద. మీ షీటుల అట్లనే ఉన్నది గద!"

నేను స్టోరు తలుపు తీశాను. ఆరు బస్తాలు తెప్పించాను నేను. అప్పటికి పదిహేడు రోజులు. నా లెక్క ప్రకారం అన్నీ అడుగంటి ఉండాలి. నాలుగు బస్తాలకు కుట్టు కూడా విప్పలేదు. ఇంకొకదాంట్లో మూడో వంతు ఉంది.

"ఏంది చెల్లె, గట్ల నిలవడ్డవ్?"

"అన్నా... రెండు వందలు అన్నది రవ్వ తూకం. ముద్ద తూకం కాదు."

ఆయన గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు.

"ఏమన్నవ్?"

"రెండు వందల గ్రాముల రవ్వ వండాలి ఒక్కొక్కరికి."

"అరె! నేను అడగలేదా నిన్ను? మొదటి రోజు ఫోన్ జేసి అడగలేదా? మేడం, ఇది పిండి తూకమా, ముద్ద తూకమా అని. మా దిక్కు ఎప్పుడైనా పచ్చి లెక్కనే. పెండ్లిల వంటకైనా మనిషికి ఇన్ని బియ్యం అంటం గని, ఇంత అన్నం అంటమా? అందుకే అడిగిన. నువ్వేమన్నవ్?"

గుర్తొచ్చింది. ఆ రోజు స్కూలు నుంచి కబురు వస్తే పరిగెత్తాను. చిన్నోడికి జ్వరం. వాడు నా ఒళ్ళో వాంతి చేసుకుంటున్నప్పుడు ఫోను మోగింది. నా షీట్లో అన్నం, చపాతీ, నూడుల్స్ అన్నిటికీ వండాక ఉండే తూకమే రాస్తాను. ఆ వరుసలోనే గరి కూడా రాశాను. కానీ దాని అంకె మాత్రం పుస్తకంలో ఎండు రవ్వది. వరుస గుర్తొచ్చింది, అంకె ఎక్కడిదో గుర్తు రాలేదు. "ముద్దే అన్నా, అన్నీ వండినవే కదా" అని పెట్టేశాను.

అక్కడే తూకం మీద రెండు వందల గ్రాముల రవ్వ పోసి, నీళ్ళు మరిగించి కెలికించాను. ముద్ద ఆరు వందల గ్రాములు దాటింది. పక్కన రోజూ వడ్డించే ముద్ద పెట్టాం. పిడికిలంత. ఏడు వందల కేలరీలు అని నేను రాసిన దాంట్లో ఉన్నవి రెండు వందల పాతికో ముప్పయ్యో. పూటకు అంత, రోజుకు రెండు పూటలు, పదిహేడు రోజులు, నలభై మంది. జూన్ ఎండ.

గుప్పెడు సగ్గుబియ్యం నానితే గిన్నె నిండుతుందని మా అమ్మకు తెలుసు. ఆవిడ ఐదో తరగతి. నేను పట్టా తీసుకుని ఆ సంగతి మర్చిపోయాను.

"మరి బస్తాలు మిగులుతుంటే చెప్పలేదేం అన్నా?"

"వీళ్ళు సూడనీకి గింతున్నరు గని పిట్ట తిండి అనుకున్న. ఒక్కడన్న సాలలేదు అన్నడా? ప్లేటు కడిగినట్టు జేసి, థాంక్యూ బాస్ అని పోతరు." ఆయన గొంతు సన్నబడింది. "నేను వండిన తిండికి మనుషులు మాడుడు... ఇరవై ఏండ్లల్ల కాలేదు."

కాసేపటికి తేరుకుని దగ్గరికి వచ్చాడు.

"ఇను చెల్లె. ఇయ్యాల్టి సంది పెద్ద ముద్దలు ఏస్త. షీటు మీద రవ్వ అని ఒక ముక్క రాయి. ఎవ్వలకు ఎర్క?"

"మరి ఆయన?"

వంటాయన గరిటెను తిప్పి తిప్పి చూశాడు.

ఆ సాయంత్రం ముద్దలు పెద్దవయ్యాయి. నేను తలుపు పక్కనుంచి చూశాను. కౌంటరు దగ్గర మొదటి మనిషి పళ్ళెంలో ముద్ద పడగానే ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వరుసలో వాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పొరపాటున పడిందేమో, తిరిగి తీసుకుంటారేమో అన్నట్టు గబగబా వెళ్ళి కూర్చున్నారు. ఆయన మాత్రం లేడు. క్లినిక్‌లో ఉన్నాడు.

ఇంటికొచ్చి అన్నం కలుపుతూ మా ఆయనకు చెప్పాను.

"తీసేస్తారంటావా?" అన్నాను.

"తీసేస్తే తీసేస్తారు. నీ వీసా నా మీదే కదా." కంచం దగ్గరికి లాక్కుని, "చిన్నోడి స్కూలు సంగతి చూడాలి మరి. వచ్చే నెల నుంచి కొంచెం బిగించుకోవాలి" అన్నాడు. ఒక ముద్ద తిని, "నేనొకసారి రెండు మీటర్లు తప్పు కొలిచాను, తెలుసా? పునాది తవ్వేశారు" అన్నాడు.

"మరి?"

"నా తప్పేనని చెప్పాను. పూడ్పించి మళ్ళీ తవ్వించారు. మట్టి కాబట్టి సరిపోయింది."

మట్టి కాబట్టి. ఆ మాట ఆయన ఓదార్పుగానే అన్నాడు.

గురువారం పొద్దున్న మేనేజరు కారులో రాస్ లఫాన్ బయల్దేరాం. నా ఒళ్ళో రెండు టిఫిన్ డబ్బాలు. ఒకదాంట్లో చిన్న ముద్ద, ఇంకోదాంట్లో పెద్దది. వంటాయన తెల్లవారుజామునే వండి, పాత తువ్వాలులో చుట్టి ఇచ్చాడు. మూడో డబ్బాలో వేరుశెనగ పులుసు. అది నేను అడగలేదు. "ఉత్త ముద్ద ఎట్ల తింటరు?" అన్నాడు. ఆ మాట పోషకాహారం ప్రకారం కూడా నిజమే. ఆ ముద్దలో పిండి పదార్థం తప్ప చెప్పుకోదగ్గది లేదు. ఒంటికి కావలసిన మాంసకృత్తులన్నీ పక్కనున్న పులుసులోనుంచి రావాలి.

"డబ్బాలు ఎందుకమ్మా? పిక్నిక్కా?" అన్నాడు మేనేజరు.

చెప్పాను. కారు వేగం తగ్గింది. తర్వాత రోడ్డు పక్కన ఆగింది. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"ఈ మాట ఇంకెవరికి తెలుసు?"

"వంటన్నకు. మా ఆయనకు."

"బస్. అక్కడే ఉంచు. ముద్ద పెద్దది చేసినవ్ కదా, అందరూ బాగైతరు. సైన్ కొట్టు, నేను సంభాలిస్తా. కాంట్రాక్టు పోతే ఎంతమంది నౌకరీ పోతది తెలుసా? నాది, నీది, ఆ జగిత్యాల ముసలాయనది."

"ఆయన్ని ఇంటికి పంపేస్తారు కదండీ, జబ్బు లేకుండానే!"

"పంపిస్తే ఏమైతది? బతికే ఉన్నడు కదా?"

"మీరు ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది మిమ్మల్ని అలా పంపేసి ఉంటే?"

మా మేనేజరు నామీద అరవడం అంతకుముందు రెండు మూడుసార్లు విన్నాను. ఆ రోజు అరవలేదు. గేరు వేసి, "యల్లా, పద" అన్నాడు, నాకు కాదు, కారుకు అన్నట్టు.

క్లినిక్కు పోర్టబుల్ గది. డాక్టరు ఈజిప్టు ఆయన, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. ఫోర్‌మన్ గోడవారగా నిలబడి ఉన్నాడు. ఆ మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పక్కన నేల మీద ఒక సంచి. అప్పటికే సర్దుకున్నాడు.

డాక్టరు చేయి చాపాడు. "షీటు?"

షీటు ఇవ్వలేదు. డబ్బాలు రెండూ తీసి ఆయన కాగితాల మీద పెట్టాను. నా ఇంగ్లీషు కంగారులో విరిగిపోయింది. ఏం చెప్పానో ముక్కముక్కలుగా గుర్తుంది. ఇది నేను పెట్టింది. ఇది పెట్టవలసింది. తప్పు వంటాయనది కాదు, ఆయన అడిగాడు, నేనే తప్పు చెప్పాను. పదిహేడు రోజులు.

డాక్టరు చిన్న ముద్దను చూశాడు. పెద్దదాన్ని చూశాడు. కళ్ళజోడు తీశాడు.

"రోజూ ఇంతేనా?" అని ఫోర్‌మన్‌ను అడిగాడు.

"ఇంతే, డాక్టర్."

"మరి నువ్వు నోరు ఎందుకు తెరవలేదు?"

ఫోర్‌మన్ నా వైపు చూసి, నేల వైపు చూశాడు. "మూడు నెలలు అడిగితే వచ్చిన ముద్ద, డాక్టర్. వచ్చిన వారానికే చిన్నగా ఉంది అంటే, సరే, మళ్ళీ అన్నం తినండి అంటారు. కంపెనీ కొలత ఇంతే కాబోలు అనుకున్నాం. సిస్టర్ మా కోసం కష్టపడింది. సిగ్గనిపించింది."

అన్నం కౌంటర్లోనే ఉండి ఉంటే వాళ్ళు కడుపునిండా తినేవాళ్ళు. నేను దయతలచి వాళ్ళ తిండి వాళ్ళకు పెట్టాను, అందుకే మాడారు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు ఈయన ఏదో అంటాడు, ఆడమనిషి, కంగారులో మాట్లాడుతోంది అంటాడు అనుకున్నాను.

"డాక్టర్ సాబ్, మిస్టేక్ మా కిచెన్‌దే" అన్నాడు. "నిన్న సాయంత్రం నుంచి సరిచేసినం. మిగతా ముప్పై తొమ్మిది మంది బరువు కూడా మీరే చూడండి. నేనే పంపిస్తా, ఈ రోజే."

డాక్టరు పెద్ద ముద్ద అంచు తుంచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మొహం చిట్లించి ఇంకా నమిలాడు.

కుర్చీలో మనిషి మొదటిసారి నోరు తెరిచాడు. "నమలకూడదు డాక్టర్. మింగాలి. పులుసులో ముంచి, ఇలా."

పులుసు డబ్బా మూత తీసి చూపించబోయి చూపించబోయి, తినడం మొదలుపెట్టాడు. ఆ గదిలో నలుగురం నిలబడి ఒక మనిషి భోజనం చేయడం చూశాం. ఆరు వందల గ్రాముల ముద్ద. మధ్యలో ఒకసారి ఆగి, "వేరుశెనగ కొంచెం ఎక్కువ వేయించారు" అన్నాడు. ఫోర్‌మన్ పగలబడి నవ్వాడు. వాళ్ళ భాషలో ఏదో తిట్టాడు కూడా. ఆ తిట్టు వింటూ నేను గోడకు చేరగిలబడి ఏడ్చాను.

డాక్టరు మూడు రోజులు రక్తం, బరువు చూశాకే పనికి తగునో లేదో రాస్తానన్నాడు. ఆ పైన నాలుగు రోజులు కింద నీడలో పని, వారం తర్వాత మళ్ళీ పరీక్ష. ఫారం మీద "అన్‌ఫిట్" గడి ఖాళీగానే వదిలాడు. "ఇప్పటికి ఇది జబ్బు కాదు, ఆకలి" అన్నాడు. ఆకలి అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. కింద చేత్తో రాశాడు. వారం తర్వాత పరీక్షలో అన్నీ సరిగ్గా వచ్చాయని, ఆయన మళ్ళీ మంచె ఎక్కాడని ఫోర్‌మనే వచ్చి చెప్పాడు.

తిరుగు దారిలో మేనేజరు అల్ ఖోర్ దాటాక నోరు విప్పాడు.

"వార్నింగ్ లెటర్ ఇస్తా నీకు. పైవాళ్ళకు చూపించాలి."

"ఇవ్వండి."

"నాకు కూడా వస్తది ఒకటి." కారు అద్దం దించి, "నేను వచ్చిన మొదటి ఏడాది క్యాంపులో టైఫాయిడ్ వచ్చింది" అన్నాడు. "పంపేస్తమన్నరు. మా పెద్ద వంటవాడు ఒకాయన, మీ విజయవాడ దిక్కు ఆయన, వారం రోజులు నన్ను స్టోర్ రూంలో దాచిండు. జావ పోసిండు." అంతే అన్నాడు. మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

కాంట్రాక్టు పోలేదు. నలభై మందీ నెల తిరిగేసరికి తేరుకున్నారు. మా వంటాయన ఆ తర్వాత నా షీట్లన్నీ చదివి, ప్రతి అంకె పక్కనా "పచ్చి" లేదా "ఉడికినది" అని తెలుగులో పెన్సిలుతో రాస్తేనే సంతకం పెట్టేవాడు. చదివే మీకు నేను చెప్పగలిగింది కూడా అదే. పుస్తకంలో కేలరీల అంకె కనబడగానే, అది తూచింది నీళ్ళు పొయ్యకముందా, పోశాకా అని అడగండి. అడిగేవాడు వంటవాడైతే, ఫోను పెట్టేయకండి. ఒంటి మీద వాంతి ఉన్నా సరే, ఒక్క నిమిషం.

ఆ గురువారం ఇంటికొచ్చాక పిల్లల పక్కన పడుకుంటే, చాలా రోజుల తర్వాత తెల్లారేదాకా మెలకువ రాలేదు.

శుక్రవారం పొద్దున్న, స్కూలు లేదు. ఇద్దరూ మంచం మీదికెక్కి కూర్చున్నారు. అమ్మ నిన్న ఏడ్చిందని నాన్న చెప్పాడట.

"అమ్మా, మీ సార్ కొట్టాడా?" అన్నాడు చిన్నోడు.

"లేదు నాన్నా. అమ్మ లెక్క తప్పు చేసింది. ఒక అంకుల్‌కు తక్కువ అన్నం పెట్టింది. ఆయనకు కళ్ళు తిరిగాయి. తప్పు నాదే అని చెప్పాను."

పెద్దది ఆలోచించింది. "చెప్పకపోతే ఏమయ్యేది?"

"ఆయన్ని వాళ్ళ ఇంటికి పంపేసేవాళ్ళు."

"మరి మంచిదే కదమ్మా! వాళ్ళ పిల్లలు సంతోషపడేవాళ్ళు."

నిన్నంతా నేను కాపాడింది ఏమిటా అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. కుర్చీ పక్కనున్న ఆ సంచి గుర్తొచ్చింది. సగం కూడా నిండలేదు అది.

దాన్ని దగ్గరికి లాక్కుని చెప్పాను. "వెళ్తాడమ్మా. సెలవు రాగానే వెళ్తాడు. జబ్బు మనిషని ఎవరో పంపిస్తే కాదు, పిల్లలకు కొనాల్సినవన్నీ కొనుక్కుని, తనే టికెట్టు పట్టుకుని వెళ్తాడు. అప్పటిదాకా ఆయనకు కడుపునిండా పెట్టడం అమ్మ పని. లేవండి, ముందు మీరు తినండి."